పాత షూటింగ్ ఆటల వేగం వెనుక సదిశల లెక్క

1993లో వచ్చిన ‘డూమ్’ వీడియో గేమ్‌లో సైనికుడు ఎంత పరిగెత్తినా అలసిపోడు. తూటాలు నింపుకోవడానికి ఆగడు. శత్రువులు విసిరే నిప్పుబంతులు కంటికి కనిపిస్తూ వస్తాయి కాబట్టి, పక్కకు తప్పుకుంటే చాలు. ఈ తరం ఆటలంటే చాలామందికి రక్తపాతమే గుర్తొస్తుంది. ఆడేవాళ్లను కట్టిపడేసేది మాత్రం ఎక్కువగా ఆ కదలికే.

డూమ్‌లో పరిగెత్తేటప్పుడు ముందుకు నెట్టే విలువ 50, పక్కకు నెట్టేది 40. రెండు మీటలూ కలిపి నొక్కితే ఆట ఆ రెండింటినీ సదిశల్లా కూడేస్తుంది. పైథాగరస్ సూత్రం ప్రకారం ఫలితం దాదాపు 64. అంటే ఏటవాలుగా పరిగెత్తేవాడికి 28 శాతం అదనపు వేగం! నిజ జీవితంలో కాళ్లు ఇలా పనిచేయవు.

1999 నాటి ‘క్వేక్ 3 అరీనా’లో కథ ఇంకా ఆసక్తికరం. అందులో పరుగు వేగానికి 320 యూనిట్ల పరిమితి ఉంది. కానీ ప్రోగ్రాం మొత్తం వేగాన్ని కొలవదు. ఆటగాడు వెళ్లాలనుకుంటున్న దిశలో ఆ వేగం ఎంత భాగమో మాత్రమే చూస్తుంది. గణితంలో దీన్నే అదిశా లబ్ధంతో లెక్కిస్తారు. 320 వేగంతో పోతున్న ఆటగాడు 60 డిగ్రీల పక్కకు వెళ్లాలనుకున్నాడనుకుందాం. ఆ దిశలో అతని వేగం 160 మాత్రమే. ‘ఇంకా పరిమితి దాటలేదు’ అని ప్రోగ్రాం త్వరణం ఇస్తుంది. ఆ దిశలో 20 యూనిట్లు కలిస్తే మొత్తం వేగం సుమారు 330 అవుతుంది. నేల మీద ఉంటే ఘర్షణ ఆ అదనాన్ని తినేస్తుంది. అందుకే ఆటగాళ్లు వరుసగా గెంతుతూ, గాలిలో ఉండగా మౌస్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ వేగం పెంచుకుంటారు. దీని పేరు స్ట్రేఫ్ జంపింగ్. కోణం తక్కువైతే త్వరణం అందదు, ఎక్కువైతే ఉన్న వేగమే తగ్గుతుంది. సరైన కోణం వేగంతో పాటే మారుతుంటుంది కనుక, దీన్ని చేతికి నేర్పాలంటే ఎంతో సాధన కావాలి.

ప్రధాన ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ దీన్ని లోపంగానే చూశారు, సరిదిద్ది కూడా చూశారు. అయితే ఆ సవరణతో మామూలు పరుగు కూడా చేతికి ఇబ్బందిగా అనిపించడంతో వెనక్కి తగ్గారు. 2005లో బయటపెట్టిన సోర్స్ కోడ్‌లో రెండు పద్ధతులూ పక్కపక్కనే కనిపిస్తాయి. సరైన పద్ధతి ఇదేననీ, ఆడితే మాత్రం బాగా అనిపించదనీ చెప్పే చిన్న వ్యాఖ్య కూడా ఉంది. ఆట నడిచేది తప్పు పద్ధతితోనే.