ధమ్మ పాఠం: లైటు ఆపిన గంటలో ఏం చూడాలి?



మార్చి నెలాఖరు వైపు ఒక శనివారం రాత్రి 8:30 నుంచి 9:30 దాకా లైట్లు ఆపమంటారు. దాని పేరు ఎర్త్ అవర్. 2007 మార్చి 31న ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మొదలైంది. "మన వాడలకు కరెంటే అందరికన్నా ఆఖర్న వచ్చింది, మనమెందుకు ఆపాలి?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. బౌద్ధంలో తనకు నచ్చినవని బాబాసాహెబ్ చెప్పిన మూడింటితోనే జవాబు వెతుకుదాం.

ప్రజ్ఞ: కారణం లేకుండా ఏదీ పుట్టదని బుద్ధుడు బోధించాడు. స్విచ్ వేస్తే వచ్చే కరెంటుకూ కారణం ఉంది. విశాఖ దగ్గర పరవాడలో 2000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం ఉంది. అక్కడ బొగ్గు కాలుతుంది. ఆ కార్బన్ డయాక్సైడ్ భూమి వేడిని బయటికి పోనివ్వదు. సముద్రం వేడెక్కుతుంది. వేడెక్కిన సముద్రం తుఫానుకు బలమిస్తుంది.

లెక్క కూడా నిజాయితీగా వేద్దాం. 9 వాట్ల బల్బులు నాలుగు గంటసేపు ఆపితే మిగిలేది 36 వాట్-గంటలు. 1500 వాట్ల ఏసీ దాన్ని ఒకటిన్నర నిమిషంలో తాగేస్తుంది. కాబట్టి ఇది పుణ్యం తెచ్చే వ్రతం కాదు. వదిలేసి వచ్చిన మూఢాచారాలకు ఇంకొకటి కలపొద్దు. ఈ గంట ఎరుక కోసం.

కరుణ: 2014 అక్టోబర్ 12 గుర్తుందా? హుద్‌హుద్ వచ్చాక విశాఖంతా చీకటే. కానీ జనరేటరున్న ఇంటి చీకటి వేరు, రేకులు ఎగిరిపోయిన ఇంటి చీకటి వేరు. వేడిని పెంచినవాళ్లు ఒకరు, దెబ్బ తిన్నవాళ్లు ఇంకొకరు.

సమత: 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్‌లో కార్మిక సభ్యుడిగా బాబాసాహెబ్ విద్యుత్ వ్యవహారాలు కూడా చూశారు. చవగ్గా, పుష్కలంగా కరెంటు ఉంటేనే పరిశ్రమలు పెరిగి పేదరికం పోతుందన్నది ఆయన వాదన. అందుకే పేదింటి బల్బు ఆర్పమనడం మన మాట కాదు. చదువుకునే పిల్ల దగ్గర లైటు, రోగి గదిలో ఫ్యాను ఉంచండి. ఎక్కువ వాడేవాళ్లే ఎక్కువ తగ్గించాలి. ఉద్యోగాలొచ్చి ఏసీలు పెట్టుకున్నవాళ్లం మనలోనూ ఉన్నాం, నాతో సహా. ఈ మాట మనకూ తగులుతుంది.

రుషికొండ దాటి భీమిలి దారిలో తొట్లకొండ ఎక్కి చూడండి. రెండు వేల ఏళ్ల కిందట భిక్షువులు రాతిని తొలిచి నీటి తొట్లు చేసుకున్నారు. కొండకు ఆ పేరు వాటివల్లే. అవసరమెంతో తెలుసుకుని బతికిన సంఘం అది. మనం వారి వారసులం.

ఆ శనివారం ఇలా చేయండి. అక్కర్లేని లైట్లు ఆపండి. వాటికి బదులు కొవ్వొత్తులు బారులు తీర్చొద్దు, ఆ మైనం కూడా పెట్రోలియం నుంచి వచ్చేదే. పిల్లలతో కూర్చుని ఈ రెండు ప్రశ్నలు మాట్లాడుకోండి:

1. మన ఇంట్లో అవసరం ఏది, ఆడంబరం ఏది?
2. మన వాడలో ఇంకా సరైన వెలుగు లేని ఇల్లు ఏది? దానికి మనం ఏం చేస్తాం?

9:30కి లైటు వేసుకోండి. రెండో ప్రశ్నకు దొరికిన జవాబు మాత్రం ఆదివారం విహారానికి తీసుకురండి.

జై భీమ్!