నేసిన గోగునార మిశ్రమ ఫలకాలపై తాకిడి ప్రభావం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో పండే గోగునార ప్రధానంగా గోనెసంచులకు, తాళ్లకు ఉపయోగపడుతున్నది. ఆ నారను బట్టగా నేసి, రెసిన్‌తో తడిపి, అచ్చులో నొక్కి గట్టిపరచినచో మిశ్రమ ఫలకం తయారగును. దీనిని వ్యవసాయ యంత్రాల తొడుగులకు, పండ్ల పెట్టెలకు వాడదలచినప్పుడు లాగుడు బలాన్ని మాత్రమే కొలిస్తే చాలదు. ఇటువంటి వస్తువులు తరచుగా పాడయ్యేది రాయి తగిలి లేదా చేయిజారిన పానా పడి.

రెండు కిలోల బరువు అర మీటరు ఎత్తునుండి పడితే సుమారు 9.8 జౌళ్ళ శక్తితో ఫలకాన్ని తాకుతుంది. అందులో కొంత, ఫలకం వంగి తిరిగి లేచేటప్పుడు, బరువుకే తిరిగి చేరుతుంది. మిగిలినది రెసిన్ పగలడానికి, నార పట్టు సడలడానికి, పొరలు విడిపోవడానికి, చివరకు నార తెగడానికి ఖర్చవుతుంది. పలుచని ఫలకం వంగినప్పుడు అడుగుభాగం సాగుతుంది గనుక పగులు సాధారణంగా అక్కడే మొదలగును. పైన చిన్న నొక్కు మాత్రమే కనిపించవచ్చు. పైముఖం చూసి ఫలకం బాగున్నదని నిర్ణయించడం ప్రమాదకరం.

నారలను ఒకే దిశలో పరచిన పొరలను వేర్వేరు కోణాలలో పేర్చినప్పుడు పొరల మధ్యనున్న రెసిన్ వెంట పగులు సులువుగా పాకుతుంది. నేతలో పడుగు, పేక పరస్పరం దాటే ప్రతిచోటా దానికి అడ్డు తగులుతుంది. దెబ్బతిన్న ప్రాంతం విస్తరించదు. అయితే నూలు మెలికలు తిరిగినందున బిగువు కొంత తగ్గుతుంది. ట్విల్ నేతలో దాటుళ్లు తక్కువ, మెలిక కూడా తక్కువే.

గోగునారకు తేమను పీల్చే గుణమున్నది. తడిసిన నార ఉబ్బి, రెసిన్‌తో పట్టు సడలుతుంది. అప్పుడు నారలు తెగక ఊడివచ్చి, ఆ రాపిడిలోనే శక్తిని గ్రహించవచ్చు. కావున గ్రహించిన శక్తి అధికమైనంత మాత్రాన ఫలకం మేలైనదనుట పొరపాటు. దెబ్బ తరువాత మిగిలిన బలాన్ని కూడా కొలవాలి. పలుచని సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంతో శుద్ధిచేస్తే మైనము, హెమిసెల్యులోజ్ కొంత తొలగి పట్టు పెరుగుతుంది. మోతాదు మించితే నారే బలహీనమగును. కట్టెను నీటిలో ఊరవేయడంలోనూ ఇదే సూక్ష్మమున్నది. తక్కువైతే నారకు బెరడు ముక్కలు అంటి ఉంటాయి, ఎక్కువైతే నార చివుకుతుంది.

వాడుకలోనున్న ఫలకాన్ని నాణెముతో తట్టి చూడవచ్చు. పొరలు విడిన చోట శబ్దం బొంగురుగా వినిపిస్తుంది.