గంగరాజుల పణం: తూకం కంటె వెనుకనున్న అంకె ముఖ్యం

పాత బంగారం కొనే వర్తకుని బల్లపైకి తెగిన గొలుసులు, విరిగిన ముక్కుపుడకలతో పాటు ఒక్కొక్కప్పుడు శనగబద్దంత బంగారు బిళ్ల ఒకటి వచ్చి పడుతుంది. తూచితే అరగ్రాముకు కొంచెం అటూ ఇటూ ఉంటుంది. అనగా సుమారు నాలుగు గురివింద గింజల ఎత్తు. ఇటువంటివి పదహారు కలిస్తే గాని ఒక కాసు బంగారం కాదు. ముక్క బంగారం కింద జమకట్టి మూసలో వేస్తే వర్తకునికి మిగిలేది అరగ్రాము ధర, అందులోనూ తరుగు పోను. కాని ఆ బిళ్ల గంగరాజుల పణమైతే దానికి వెల కట్టే పద్ధతి వేరు. ఆ పద్ధతిని శ్రీకాకుళం, విజయనగరం వర్తకులు ముఖ్యంగా తెలిసి ఉండాలి. ఏలయనగా ఇది ఈ ప్రాంతపు నాణెం.

మన గడ్డ మీది నాణెం

తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం నేటి శ్రీకాకుళం జిల్లాలో, వంశధార ఒడ్డున గల ముఖలింగమేనని చరిత్రకారులు గుర్తించారు. 1078లో పట్టానికి వచ్చి 1147 వరకు పాలించిన అనంతవర్మ చోడగంగదేవుని కాలంలో రాజ్యం ఉత్తరానికి విస్తరించింది. తరువాత అధికార కేంద్రం కటకానికి మారినప్పటికీ, 1434లో గజపతులు వచ్చేవరకు ఈ సీమ గంగరాజుల ఏలుబడిలోనే ఉన్నది. వారి నాణేలలో ప్రధానమైనది బంగారు పణం.

ఇంత చిన్న బంగారు నాణెం ఎందుకని అడగవచ్చు. మాడ, వరహా వంటి పెద్ద బంగారు నాణేలు దేవాలయ దానాలకు, పెద్ద బేరాలకు పనికివస్తాయి. శ్రీకూర్మం, సింహాచలం శాసనాలలో అఖండ దీపాలకు ఇచ్చిన గండమాడల లెక్కలు కనబడతాయి. రోజువారీ ఇచ్చిపుచ్చుకోళ్లకు మాత్రం అంతకంటె చిన్నది కావాలి. ఆ అవసరాన్ని దక్షిణాదిన పణం తీర్చింది. 1443లో విజయనగర సామ్రాజ్యానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుల్ రజాక్ అక్కడి బంగారు నాణేలు మూడింటిని పేర్కొని, వాటిలో అన్నిటికంటె చిన్నదైన పణమే ఎక్కువ ఉపయోగకరమని వ్రాశాడు. ఈస్టిండియా కంపెనీ హయాంలోనూ మద్రాసు లెక్కలలో 80 కాసులు ఒక పణం, 42 పణాలు ఒక వరహాగా నడిచాయి. కాని కంపెనీవారి పణం వెండిది. 1818లో మద్రాసు రాజధాని రూపాయి లెక్కకు మారడంతో పణం చిట్టాల నుండి తప్పుకున్నది.

నాణెం చదివే తీరు

గంగరాజుల పణంపై ఒక వైపు పడుకొని ఉన్న నంది, దాని చుట్టూ చిన్న గుర్తులు ఉంటాయి. రెండవ వైపు 'స' అనే అక్షరం, దాని పక్కల అంకుశాలు లేక ఒక అంకుశం, ఒక గొడ్డలి, అడుగున ఒక సంఖ్య ఉంటాయి. 'స' అంటే సంవత్సరం. అడుగునున్న సంఖ్య రాజు ఏలుబడిలో ఎన్నవ ఏడో చెబుతుంది. లిపి ఆనాటిది కనుక అంకెలను పోల్చుకొనడానికి కొంత అలవాటు కావాలి. ఒకట్లు, పదుల స్థానాలను బట్టి విలువ కట్టే నేటి పద్ధతిలోనే ఈ సంఖ్యలు ఉండడం గమనార్హం.

ఈ లెక్కలో ఒక మెలిక ఉన్నది. దీనిని అంక సంవత్సరం అంటారు. ఇందులో 1ని లెక్కించరు. 6తో ముగిసే సంఖ్యలను, 10ని మినహాయించి సున్నతో ముగిసే సంఖ్యలను కూడా వదిలివేస్తారు. ఉదాహరణకు 19వ అంకం అనుకుందాం. అందులో 1, 6, 16 తీసివేయగా మిగిలేది 16. అనగా అది నిజానికి ఏలుబడిలో పదహారవ ఏడు.

అసలు చిక్కు మరొకటి. ఈ పణాలపై రాజు పేరు ఉండదు. 5 అనే అంకె ఏ రాజు అయిదవ అంకమైనా కావచ్చు. అందువలన ఒంటరి నాణెం చెప్పగలిగేది స్వల్పం. ఒకే చోట దొరికినవి ఒకటిగా ఉంటే, వాటిలోని అంకెల వరుసను, అచ్చుల పోలికను బట్టి కాలాన్ని నిర్ణయించే వీలుంటుంది. పెద్ద అంకె కనబడితే దీర్ఘకాలం పాలించిన రాజులను మాత్రమే పరిశీలిస్తే సరిపోతుంది. కుండలో దొరికిన నాణేలను నలుగురు వర్తకులకు విడివిడిగా అమ్మితే ఆ ఆధారం పోతుంది, సేకరణదారు ఇచ్చే వెలా తగ్గుతుంది. మూసలో వేస్తే రెండూ శాశ్వతంగా పోయినట్లే.

కొనేటప్పుడు పాటించవలసినవి

పణాన్ని గీటురాయిపై గీయరాదు, ఆకురాయి పెట్టరాదు, ఆమ్లంలో ముంచరాదు. మెరుపు కోసం తోమితే వెల పడిపోతుంది. మిల్లీగ్రాములు చూపే త్రాసుపై తూచాలి. నీటిలో ముంచి సాంద్రత చూసే పద్ధతి ఇక్కడ నమ్మదగినది కాదు. అరగ్రాము మేలిమి బంగారం తొలగించే నీరు ఒక మిల్లీలీటరులో నలభయ్యవ వంతు మాత్రమే. అంచున మాటు వేసిన గుర్తు ఉంటే అది ఒకప్పుడు పేరులో గుచ్చినదని గ్రహించాలి, ధర ఆ మేరకు తగ్గించాలి.

పణాలు అచ్చుతో కొట్టినవి. అచ్చు కంటె బిళ్ల చిన్నది కావడం వలన బొమ్మ ఒక్కొక్క నాణెంపై ఒక్కొక్క వైపుకు ఒరిగి ఉంటుంది. రెండు నాణేలలో బొమ్మ ఒకే చోట తెగి, అంచులు కూడా ఒకే తీరున ఉంటే, అవి పోతపోసిన నకళ్లని అనుమానించాలి. సూదిమొనంత గుంటలు కనబడినా అంతే. అలాగని ప్రతి అసలు పణమూ గొప్ప వెల పలకదు. తరచు దొరికే అంకె, అరిగిన బొమ్మ అయితే బంగారం ధరకు కొద్దిపాటి అదనమే రావచ్చు.

చట్టం మాట

పొలంలోనో, పాత ఇంటి పునాదిలోనో దొరికిన సరుకైతే 1878 నాటి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. విలువ పది రూపాయలు దాటితే దొరికినవారు కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలుపవలసి ఉంటుంది. దాచినవారికి ఏడాది వరకు జైలు శిక్ష, జరిమానా విధించవచ్చు. ప్రభుత్వమే తీసుకొనదలిస్తే లోహం విలువపై అయిదవ వంతు అదనంగా చెల్లించే ఏర్పాటు కూడా చట్టంలో ఉన్నది. ఇక నూరేళ్లు నిండిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. ఇటువంటి వస్తువుల వ్యాపారానికి లైసెన్సు అవసరం. దేశం దాటించడం ప్రైవేటు వ్యక్తులకు నిషిద్ధం.

కనుక అనుమానాస్పదమైన బిళ్ల వచ్చినప్పుడు అమ్మేవారిని ముందుగా అడగవలసినది అది ఎక్కడిదని. ఇంటి పెద్దల నాటిదైతే ఆ మాట వ్రాయించుకొని సంతకం తీసుకోవాలి. నేలలో దొరికినదైతే బేరం ఆపి కలెక్టరు కార్యాలయానికి పంపాలి. కొన్నదానికి తేదీ, తూకం, అంకె, దొరికిన ఊరు, తోడుగా వచ్చిన నాణేల సంఖ్య చిట్టాకెక్కించి, రెండు వైపులా ఫొటో తీయించి ఉంచాలి. రాజు పేరు లేని నాణేనికి ఆ చిట్టాయే చిరునామా. రేపు దానిని కొనేవారు అరగ్రాము బంగారంపై ఇచ్చే అదనపు వెల ఆ చిట్టాను చూసే ఇస్తారు.