గ్యాస్ కొట్టించే ముందు

చి. మాధవికి,

నాన్నని డయాలసిస్‌కి నరసరావుపేట నుంచి గుంటూరు తీసుకెళ్తుంటే, ఫిరంగిపురం దాటేసరికి ఏసీ గాలి పలచబడిపోతోందని ఫోన్లో చెప్పావు. మెకానిక్ బానెట్ అయినా ఎత్తకుండా గ్యాస్ అయిపోయింది, కొట్టిద్దాం అన్నాడని కూడా చెప్పావు. కాస్త ఆగమ్మా. గ్యాస్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు.

గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది. గాలిని తోసేది గ్యాస్ కాదు, డ్యాష్‌బోర్డ్ వెనకున్న బ్లోయర్. గ్యాస్ మూలంగా గాలి తగ్గే దారి ఒక్కటే ఉంది, అది తర్వాత చెప్తాను. నీకు పొద్దున్న బయల్దేరేప్పుడు కూడా నాలుగో స్పీడులో పెడితేగాని చాలట్లేదన్నావు చూడు, నాకు అసలు గుట్టు అక్కడే ఉందనిపిస్తోంది.

బండి నీడన పెట్టి, ఇంజిన్ నడుస్తుండగా ఏసీ బటన్ ఆపేసి, బ్లోయర్‌ని ఒకటి నుంచి నాలుగు దాకా తిప్పి విను. హోరు పెరుగుతూ ఉండి గాలి మాత్రం పెరగకపోతే దారిలో ఏదో అడ్డం పడింది. హోరే పెరగకపోతే మోటారో, దానికొచ్చే కరెంటో బలహీనపడింది. ఒకటి, రెండు, మూడు పనిచేయక నాలుగొక్కటే పనిచేస్తే స్పీడు తగ్గించే రెసిస్టర్ కాలిపోయినట్టు. నాలుగో స్పీడుకి కరెంటు రెసిస్టర్‌ని దాటి నేరుగా వెళ్తుంది. ఆ రెసిస్టర్ చల్లబడేది బ్లోయర్ గాలితోనే. అందుకని అడ్డం తీయకుండా కొత్తది వేస్తే అదీ కాలుతుంది. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజ్ వేస్తానంటే మాత్రం ఒప్పుకోకు. వైరింగ్ అంటుకుంటుంది.

తర్వాత గ్లవ్‌బాక్స్ విప్పించు. వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటే తీసేసి ఒక్క నిమిషం బ్లోయర్ తిప్పు. గాలి ఒక్కసారిగా ఎగిసిందంటే కొత్త ఫిల్టర్‌తో సగం పని అయిపోయినట్టే. పాత చిన్న కార్లు చాలావాటిలో ఫిల్టర్ ఉండదు, దాని చోటు మాత్రం ఖాళీగా ఉంటుంది. ఫిల్టర్ లేని బండికి ఆ దుమ్మంతా ఎక్కడికెళ్తుందో ఆలోచించు. ముందు బ్లోయర్ చక్రానికి పడుతుంది, ఆ తర్వాత కూలింగ్ కాయిల్‌కి.

బ్లోయర్‌ని మూడు నాలుగు స్క్రూలు విప్పి కిందకి దింపుతారు. దించినప్పుడు నువ్వు పక్కనే ఉండి చక్రం చేతిలోకి తీసుకుని చూడు. చుట్టూ సన్నటి రెక్కలుంటాయి, ఒక్కోటీ లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపులో బూడిదరంగు దుమ్ము, వెంట్రుకలు కలిసి కంబళి ముక్కలా గట్టిపడి ఉంటాయి. వంపు పూడిపోయాక మోటారు ఎంత వేగంగా తిరిగినా గాలి సరిగ్గా రాదు. పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో రెక్కా గీకి శుభ్రం చేయాలి. రెక్క విరిగితే చక్రం కుదురుగా తిరగదు, కనుక తొందర పెట్టొద్దు. ఇంకో సంగతి. నీకంటే ముందు ఈ బండి చాలా చేతులు మారింది. ఎప్పుడో ఎవరో మోటారు మార్చి వైర్లు తారుమారుగా కలిపితే చక్రం వెనక్కి తిరుగుతుంది. అప్పుడు కూడా గాలి అదే దారిన వస్తుంది గాని బాగా తక్కువగా వస్తుంది. అందుకని ఎటు తిరుగుతోందో చూడమను. మల్టీమీటర్ ఉంటే నాలుగో స్పీడులో మోటారు కనెక్టర్ దగ్గర కొలవమను. ఇంజిన్ నడుస్తుండగా అక్కడ 12 వోల్టులకి పైనే ఉండాలి. 10 దగ్గర ఆగిపోతే ఎక్కడో కనెక్టర్ మాడి ఉండొచ్చు.

బ్లోయర్ దించిన ఆ ఖాళీలోంచే ఫోన్‌కి తగిలించే సన్న కెమెరా పంపితే కూలింగ్ కాయిల్ ముఖం కనిపిస్తుంది. అక్కడ మట్టి పొర ఉంటే నీ ఫిరంగిపురం కథ తేలిపోయినట్టే. కాయిల్ మీదుగా గాలి సరిగ్గా పోకపోతే కాయిల్ మరీ చల్లబడుతుంది, దానిమీది తేమ గడ్డకడుతుంది, ఆ మంచు మిగిలిన దారిని కూడా మూసేస్తుంది. ఈసారి గాలి తగ్గగానే ఏసీ బటన్ ఆపి బ్లోయర్ అలాగే ఉంచు. పది పదిహేను నిమిషాల్లో గాలి తిరిగొచ్చి, బండి కింద నీళ్లు ధారగా కారాయా, అది మంచే. కాయిల్ గడ్డకట్టకుండా కంప్రెసర్‌ని ఆపే సెన్సర్ చెడినా ఇదే జరుగుతుంది. గ్యాస్ తగ్గినప్పుడు కూడా ఇలాగే అవుతుంది, ఇందాక చెప్తానన్న దారి ఇదే. ఆర్-134ఏ గ్యాస్ ఉన్న బండిలో లో సైడ్ గేజీ 28 పీఎస్‌ఐ దగ్గరుంటే కాయిల్ సున్నా డిగ్రీల దగ్గర, అంటే గడ్డకట్టే హద్దులో ఉన్నట్టు. అందుకే గేజీ పెట్టి చూడాలి. చూడకుండా గ్యాస్ ఎక్కిస్తే ఒత్తిడి మితిమీరి కంప్రెసర్‌కే ముప్పు. గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోయేదీ కాదు. బాగా తగ్గిందంటే ఎక్కడో లీకుంది, ముందు అది పట్టుకోవాలి.

చిన్నవి రెండు. గాలి లోపలికి పోయే వైపర్ల కింది జాలీలో వేపాకులు పేరుకుంటాయి, చేత్తో తీసెయ్. గాలి ముఖానికి తగ్గి కాళ్ల దగ్గరో, అద్దం మీదో వస్తుంటే గాలిని మళ్లించే లోపలి తలుపు కేబుల్ జారింది. డ్యాష్‌బోర్డ్ జాలీల్లోంచి నల్లటి పొడి రాలుతుంటే ఆ తలుపు అంచు స్పాంజి చివికిపోయినట్టు.

కాయిల్‌ని ప్రెషర్ నీళ్లతో కొట్టనివ్వొద్దు, దాని రెక్కలు మడతపడతాయి. ఫోమ్ క్లీనర్‌తో ముందు ప్రయత్నించండి. కింది డ్రెయిన్ పైపు తెరిచి ఉందో లేదో చూశాకే పోయాలి, లేకపోతే నీళ్లన్నీ ముందుసీటు కింద తివాచీలోకి దిగుతాయి. ఫోమ్‌తో పోకపోతే డ్యాష్‌బోర్డ్ విప్పి కాయిల్ బయటికి తీయక తప్పదు. అప్పుడు లైన్ తెరుస్తారు కాబట్టి ఓ-రింగులు, డ్రయర్ కొత్తవి వేయించు, వ్యాక్యూమ్ లాగాకే గ్యాస్ నింపమను.

ఇది అయ్యేదాకా నాన్నని ఎండెక్కకముందే తీసుకెళ్లు. దారిలో గాలి తగ్గితే బ్లోయర్ స్పీడు పెంచకు, కంప్రెసర్ ఆపి బ్లోయర్‌తోనే నడుపు. డయాలసిస్ అయ్యి నీరసంగా ఉంటారు కాబట్టి తిరుగు ప్రయాణంలో ఏసీ మొరాయిస్తే అన్నింటికంటే కష్టం. బండి బాగయ్యేవరకు మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి అద్దె కారు మాట్లాడుకో, ఆ డబ్బులు నేను పంపిస్తాను. బ్లోయర్ దించిన రోజు కాయిల్ ఫొటో నాకు పంపు.

ప్రేమతో,
పెదనాన్న