రక్తం పడితే అన్నీ మొలలేనా?

మూలవ్యాధి గురించి రోగి నోరు విప్పి చెప్పడానికే నెలలు పడుతుంది. స్త్రీలు కొందరు భర్తకు సైతం చెప్పరు. సిగ్గు వలన జరిగే ఆలస్యమే ఈ వ్యాధిలో సగం ప్రమాదమని నా అభిప్రాయం. అందుచేత ఇక్కడ కొంత విప్పి చెప్పవలసి వస్తున్నది.

ఆయుర్వేదంలో దీనిని అర్శస్సు అంటారు. శత్రువు వలె మనిషిని పీడించునది అని ఆ మాటకు అర్థం చెబుతారు. సుశ్రుతుడు దీనిని ఎనిమిది మహావ్యాధులలో చేర్చి, ఔషధం, క్షారం, అగ్నికర్మ, శస్త్రం అని నాలుగు విధాల చికిత్స చెప్పినాడు. అన్ని మొలలూ మందులతోనే పోతాయని ఆయన కూడా అనలేదని పాఠకులు గమనించగలరు.

మలద్వారం లోపల రక్తనాళాలతో నిండిన మెత్తని దిండ్ల వంటి భాగాలు అందరికీ ఉంటాయి. మలబద్ధకం, ముక్కడం, గర్భధారణ వంటి కారణాల వలన అవి ఉబ్బి కిందికి జారితే మొలలంటాము. లోపలి మొలలకు సాధారణంగా నొప్పి ఉండదు. విరేచన సమయంలో ఎర్రని రక్తం బొట్లుగా పడుతుంది. బయటి మొలలో రక్తం గడ్డకడితే మాత్రం కూర్చోలేనంత బాధ కలుగుతుంది. విరేచనమప్పుడు కత్తితో కోసినట్లుంటే అది మొల కాక చీలిక కావచ్చును.

ఆరంభదశలో వంటింటి వైద్యం చాలావరకు ఉపకరిస్తుంది. ఆకుకూరలు, బీరకాయ, పొట్టుతీయని పెసలు, తగినంత నీరు తీసుకోవాలి. చింతపండు వేసి ఉడికించిన కంద, వెన్న తీసిన మజ్జిగ ఈ వ్యాధికి మన గ్రంథాలు మెచ్చిన పథ్యం. రాత్రి చెంచాడు త్రిఫలచూర్ణం గోరువెచ్చని నీటితో పుచ్చుకోవచ్చును. గర్భిణులు వైద్యుని అడగనిదే వాడరాదు. తొట్టెలో గోరువెచ్చని నీరు పోసి పది పదిహేను నిమిషాలు కూర్చుంటే నొప్పి తగ్గుతుంది. అరటిపండులో కర్పూరం పెట్టి మింగమని కొందరు చెబుతారు. కర్పూరం కడుపులోకి పోతే మూర్ఛలు రావచ్చు. ఆ పని ఎన్నడూ చేయకండి.

నా వద్దకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఎనిమిది నెలలు మొలలనుకొని పసర్లు తాగినారు. పరీక్షిస్తే మొలలు నిజంగానే ఉన్నవి. కాని మనిషి పాలిపోయి, బరువు తగ్గి ఉండడంతో పెద్దపేగును కూడా చూపించమని పంపినాను. అక్కడ పుండు బయటపడింది; అది కాన్సరు. మొల కనిపించినంత మాత్రాన రక్తం దాని నుండే వస్తున్నదనుకోరాదు.

నలభై ఐదు దాటిన తరువాత తొలిసారి రక్తం పడినా, మలవిసర్జన అలవాటు మారినా, ఆయాసం, నీరసం కలిగినా, కుటుంబంలో పేగు కాన్సరు ఉన్నా ఇంటివైద్యంతో కాలయాపన వద్దు. వయసెంతైనా, వారం రోజులలో రక్తం ఆగకపోతే చూపించుకోవాలి. నల్లని తారువంటి విరేచనం, ఆగని రక్తస్రావం, కళ్లు తిరగడం, జ్వరంతో కూడిన నొప్పి, మూత్రం బంధించడం ఉంటే ఆనాడే ఆసుపత్రికి వెళ్లాలి.

వైద్యుడు వేలితోను, చిన్న గొట్టంతోను చేసే పరీక్ష కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. లోపలి మొలలకు చాలామందిలో రబ్బరు బ్యాండు వేస్తే సరిపోతుంది. ఆసుపత్రిలో ఉండనవసరం లేదు. వెళ్లేటప్పుడు వాడుతున్న మందుల పేర్లు వ్రాసుకొని వెళ్లండి. ఆస్పిరిన్ వంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మాత్రలుంటే తప్పక చెప్పండి. మీ అంతట మీరు వాటిని మానకండి.