ఒంటె, గుడ్లగూబ: పంచతంత్రంలో అభయదానం

పుంగనూరు సీమలో చింతతొఱ్ఱల్లో కాపురముండే పైడికంటి పిట్ట నిత్యపరిచితమైన చిన్న గుడ్లగూబ. ఒంటె మాత్రం అక్కడి విద్యార్థికి పాఠ్యగ్రంథంలో తారసపడే మరుభూమి జంతువు. ఆకారంలోగాని నివాసంలోగాని పోలిక లేని ఈ రెండు జాతులనూ పంచతంత్రం ఒకే సంకటంలో నిలిపింది. మిత్రభేదంలో ఒంటె, కాకోలూకీయంలో గుడ్లగూబలు అభయం కారణంగానే నశించాయి. రెండుచోట్లా వంచనలో కాకికి భాగముంది.

సార్థం నుండి తప్పిపోయిన క్రథనకుడనే ఒంటెకు మదోత్కటుడనే సింహం అభయమిచ్చింది. ఏనుగుతో పోరాడి గాయపడిన తరువాత దానికి వేట సాగలేదు. అభయమిచ్చినవానిని చంపరాదు గనుక, అతడే దేహమర్పిస్తే దోషం లేదని నక్క ఉపాయం పన్నింది. కాకి ముందుగా తనను తినుమన్నది; అల్పకాయమని నక్క వారించింది. పిమ్మట నక్క, చిరుతపులి అదే మాట అని బ్రతికిపోయాయి. తననూ అట్లే వారిస్తారనుకొని క్రథనకుడు పలికాడు, హతుడయ్యాడు. అతనిది ఆత్మత్యాగం కాదు, సభామర్యాద. ఈ సూక్ష్మాన్ని విడిచి ఒంటెను త్యాగిగానో మూఢుడిగానో బోధించడం సమంజసం కాదు.

కాకోలూకీయం ప్రసిద్ధపాఠంలో స్థిరజీవి అనే వృద్ధమంత్రి కాకి, తేలికపాటి ముక్కుపోట్లు తిని, వేరొకచోటి నుండి తెచ్చిన రక్తం పూయించుకొని, ఉలూకరాజైన అరిమర్దనుని శరణు జొచ్చింది. రక్తాక్షుడొక్కడే వధించుమన్నాడు. తక్కిన మంత్రులు శరణాగతుని చంపరాదన్నారు. వారిలో ఒకడు బోయవానికై అగ్నిలో దూకిన కపోతకథను ప్రమాణంగా చూపాడు. రక్తాక్షుడు పరివారంతో వెళ్ళిపోయాడు. గూటి నెపంతో గుహద్వారాన పుల్లలు పేర్చిన స్థిరజీవి, గుడ్లగూబలకు చూపానని పగటివేళ కాకులతో నిప్పు పెట్టించాడు.

మొదటి కథలో వంచించినవాడు అభయమిచ్చినవాడు. రెండవ కథలో పొందినవాడు. ఒక్క కాకోలూకీయాన్నే చదివి పంచతంత్రం అభయదానాన్ని నిరసించిందనడం తొందరపాటు. నిరసనకు గురైనది దేహదానాన్ని అనుకరించే కపటం. కపోతం నిజంగా దేహమిచ్చింది. మిత్రభేదంలోని కాకి దానిని మాటతో అభినయించింది, స్థిరజీవి పరాయి రక్తంతో అభినయించాడు.

హితోపదేశంలో నారాయణపండితుడు ఒంటెకు చిత్రకర్ణుడని పేరు మార్చి కథను సంధిలో చేర్చాడు. విగ్రహంలో కాకులకు, గుడ్లగూబలకు బదులు హంసలు, నెమళ్ళు పోరాడాయి. హితోపదేశం మాత్రమే పాఠ్యమైన చోట ఈ సామ్యం విద్యార్థి దృష్టికి రాదు. కపోతకథలో బోయవాని చలీ ఆకలీ నిజమైనవి. స్థిరజీవి మేనిపై రక్తం అతనిది కాదు. ఉలూకసభలో ఆ భేదాన్ని శంకించినవాడు రక్తాక్షుడొక్కడే.