బస్సు ఆలస్యమైతే క్లాసులోకి ఎలా వెళ్లాలి?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. వారంలో రెండు, మూడు రోజులు బస్సు ఆలస్యమవుతుంది. తలుపు దగ్గర నిలబడి అడిగితే పాఠం ఆగిపోతుంది, అడగకుండా వెళ్తే సార్‌కు కోపం వస్తుంది. ఏం చేయాలి?
– ఒక విద్యార్థిని

జవాబు: పాఠం ఆగకూడదని ఆలోచించావు చూడమ్మా, మర్యాదంటే అదే. గద్వాల కోటలోని డిగ్రీ కాలేజీకైనా, వనపర్తి రాజప్రాసాదంలోని పాలిటెక్నిక్‌కైనా పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే పిల్లలుంటారు. నీ ఇబ్బంది సార్‌కు కొత్తేమీ కాదు, కాకపోతే నీ నోటితో చెప్పాలి.

రేపు క్లాసయ్యాక కలిసి, బస్సు వేళలు చెప్పు. ఆలస్యమైన రోజు ఎలా రావాలో ఆయన్నే అడుగు. ఒప్పుకుంటే వెనక తలుపు నుంచి వచ్చి, చివరి బెంచీలో కూర్చో. ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచిలో వేసెయ్. పోయిన పాఠాన్ని పక్కవాళ్లను గుసగుసగా అడగకు. విరామంలో నోట్సు రాసుకో. అర్థం కానిది సార్‌నే అడుగు. ప్రశ్న అడగడం ఎదురు చెప్పడం కాదు.

మీ ఊరి పిల్లలంతా కలిసి బస్సు వేళ మార్చమని డిపో మేనేజర్‌కు అర్జీ ఇవ్వండి. ప్రిన్సిపాల్ సంతకం తోడైతే మాటకు బలం.